Cricket Kit Cleaning అనగానే బ్యాట్ తుడిస్తే చాలనుకుంటున్నారా? పొదల్లోంచి బాల్ తెచ్చాక ఇవి తప్పక చేయండి..

ఆదివారం మ్యాచ్. సిక్స్ కొట్టగానే బాల్ వెళ్లి గ్రౌండ్ పక్కన పిచ్చిమొక్కల్లో పడింది. ఒకరు లోపలికి దూరి, బ్యాట్‌తో పొదలు పక్కకు నెట్టి బాల్ తెచ్చేశారు. సాయంత్రానికి చేతులు, మెడ ఒకటే దురద. స్నానం చేస్తే కాస్త తగ్గింది. కానీ వారం తర్వాత పొదల వైపే వెళ్లకపోయినా మళ్లీ అదే దురద! ఆట ఆడని అమ్మకు కూడా ఆ బట్టలు ఉతికాక చేతులు మండాయి.

కారణం సింపుల్. ఒళ్లు కడిగారు, కిట్ కడగలేదు. బ్యాట్ గ్రిప్, ప్యాడ్లు, షూ లేసులు, బాల్.. వీటికి అంటుకున్నది అలాగే ఉండిపోయింది. అయితే అన్ని మొక్కలకూ ఒకే క్లీనింగ్ పనికిరాదు. మొక్క నుంచి అంటుకున్నది నూగా, పొడా, నూనెనా అన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది. అదెలాగో చూద్దాం..

దూలగొండి: దులిపితే అంతే సంగతులు

దూలగొండి కాయల మీద సన్నని నూగు ఉంటుంది. ఎండిన కాయ కాస్త కదిలినా అది రాలి గాల్లో తేలుతుంది. చర్మంలో గుచ్చుకుని, అందులోని ఎంజైమ్ వల్ల భరించలేని దురద పుడుతుంది. కాబట్టి ప్యాడ్లు, గ్లౌజులు దులపకూడదు, బ్రష్‌తో రుద్దకూడదు. ముందుగా వెడల్పాటి ప్లాస్టర్ టేప్ అంటించి లాగితే నూగు దానితో పాటే వచ్చేస్తుంది. ఆ తర్వాతే తడిగుడ్డతో తుడవాలి. టెన్నిస్ బాల్ పైనున్న నూలులో ఇది బాగా ఇరుక్కుంటుంది. ఆ బాల్ పడేయడమే మేలు.

వయ్యారిభామ: ఎండినా వదలదు

క్యారెట్ ఆకుల్లాంటి ఆకులు, చిన్న తెల్ల పూలతో ఖాళీ స్థలాల్లో గుబురుగా పెరిగేదే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ఇందులోని పార్థెనిన్ అనే పదార్థం చాలామందిలో అలర్జీ తెప్పిస్తుంది. మొదట్లో ఏమీ కాకపోవచ్చు, పదే పదే తగిలితే ఒక రోజు దద్దుర్లు మొదలవుతాయి. ఎండిన మొక్క పొడి, పుప్పొడి కూడా ప్రమాదమే. కిట్‌ను ఆరుబయటే తడిగుడ్డతో తుడిచి, తర్వాత సబ్బునీళ్లతో శుభ్రం చేయాలి.

అమెరికాలో ఆడేవాళ్లకు.. పాయిజన్ ఐవీ

అక్కడి పార్కుల్లో క్రికెట్ ఆడే మనవాళ్లు మూడేసి ఆకుల గుత్తులుండే ఈ మొక్కను గుర్తుపట్టాలి. ఇందులోది ఉరుషియోల్ అనే నూనె. మామిడికాయ సొన తగిలి మూతి పొక్కిన అనుభవం ఉందా? మామిడి, జీడిమామిడి, నల్లజీడి, పాయిజన్ ఐవీ.. అన్నీ ఒకే కుటుంబం. వస్తువుల మీద ఈ నూనె 5 ఏళ్ల వరకూ పనిచేయగలదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. దీనికి ఒట్టి నీళ్లు చాలవు. రబ్బింగ్ ఆల్కహాల్, లేదా గిన్నెలు తోమే లిక్విడ్ సోప్‌తో తుడిచి ఎక్కువ నీళ్లతో కడగాలి. పల్చటి లేటెక్స్ గ్లౌజుల్లోంచి నూనె లోపలికి దిగుతుంది, నైట్రైల్ గ్లౌజులు వాడండి. ఈ మొక్కను మాత్రం తగలబెట్టొద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం.

కిట్ క్లీనింగ్ ఇలా..

* ముందు గ్లౌజులు వేసుకోండి. కిట్‌ను ఇంట్లోకి తేకుండా బయటే విప్పండి.
* బ్యాట్‌ను నీళ్లలో ముంచొద్దు, కర్ర పాడవుతుంది. సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. గ్రిప్ సందులు వదలొద్దు.
* లెదర్ బాల్‌ను కూడా నానబెట్టకుండా తుడవడమే.
* షూ లేసులు తీసి విడిగా ఉతకండి. చాలామంది మర్చిపోయేది ఇదే.
* బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలపొద్దు. డిటర్జెంట్‌తో వేడినీళ్లలో ఉతకండి.
* కిట్‌బ్యాగ్ లోపల, జిప్పు, హ్యాండిల్ తుడవండి. పొదల్లోకి వెళ్లినప్పుడు ఫోన్ పట్టుకుని ఉంటే అదీ తుడవాలి.
* చివరగా వాడిన గుడ్డ పడేసి, బకెట్ కడిగి, సబ్బుతో చేతులు కడుక్కోండి.

ముఖం, కళ్లు వాచినా, ఊపిరి ఆడకపోయినా, పొక్కుల్లో చీము పట్టినా ఇంటి చిట్కాలతో ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక నెక్స్ట్ మ్యాచ్‌కు ఒక పాత బాల్ ఎక్స్‌ట్రా పెట్టుకోండి. పొదల్లో పడిన బాల్ కంటే మీ చర్మం ఖరీదెక్కువ!