గోరుకు గీత పడే బకెట్టు

పాలు పితకడానికి ప్లాస్టిక్ బకెట్టు వాడే సభ్యులు తాటిపాక చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నారు. చవక, తేలిక, కింద పడినా సొట్ట పడదు. కాని “గట్టిదే కదా” అని కొన్న బకెట్టులోని పాలు కేంద్రంలో కాచి చూసేసరికి విరిగిపోతే ఆ పూట శ్రమంతా వృథా. ఈ “గట్టి” అనే ఒక్క మాటలో రెండు గుణాలున్నవి. గీతకు, నొక్కుకు లొంగకపోవడం కాఠిన్యం. వంపుకు లొంగకపోవడం బిగువు.

ముందు బిగువు సంగతి. ఒకే మందం గల రేకులను వంచి చూస్తే ఉక్కు అల్యూమినియం కంటె సుమారు మూడు రెట్లు, అల్యూమినియం బకెట్ల పాలిథీన్ కంటె సుమారు 70 రెట్లు బిగువైనవి. అయినా ప్లాస్టిక్ బకెట్టు నిలబడుతున్నదంటే కారణం మందమే. మందం రెట్టింపైతే బిగువు 8 రెట్లవుతుంది. 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకుతో సమానంగా నిలవాలంటే పాలిథీన్ 4 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. అప్పుడు బరువు అల్యూమినియాన్ని మించుతుంది! కనుకనే అంచు మడిచి, పక్కలకు గట్లు పెట్టి పోతపోస్తారు. (పాలిథీన్ పుట్టుక పెట్రోలియం నుంచే. అలాగని తాటిపాకలో 2001లో మొదలైన ఓ.ఎన్.జి.సి. శుద్ధి కర్మాగారంలో బకెట్లు తయారుకావు.)

మందం పెంచినా కాఠిన్యం పెరగదు. చిక్కంతా ఇక్కడే. పాలిథీన్ మీద గోరుతో గట్టిగా గీసినా గుర్తు పడుతుంది. అల్యూమినియానికి ఇనుప మేకు కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా కఠినం. ఇసుకలోని పలుగురాయి రేణువు గాజును సైతం గీస్తుంది. ఊక బూడిదలో ఉన్నది కూడా చాలావరకు సిలికాయే. కొబ్బరి పీచు కంటె దానికంటిన ఇసుకే పాత్రకు ఎక్కువ చేటు. ఆ గీతల్లో వెన్న, మీగడ చేరి పాల గార కడుతుంది. అక్కడికి బ్రష్షు కుచ్చు అందదు. సూక్ష్మజీవులు పెరిగి మరుసటి పూట పాలను పులియబెడతాయి.

కనుక పితకడానికి స్టీలు పాత్ర మేలు. అల్యూమినియం క్యానును ఘాటైన సోడా నీటిలో నానబెట్టరాదు, లోహాన్ని తినివేస్తుంది. ప్లాస్టిక్ తప్పనిసరైతే ఆహారానికి తగినదేనని చూసి కొని, మెత్తటి బ్రష్షుతోనే కడగవలెను. లోపల వేలితో తడిమినప్పుడు గరుకు తగిలితే ఆ బకెట్టును కుడితికి మళ్ళించవచ్చును.