గల్ఫులో వ్యాపారం – బ్యాంకు ఋణం

చొప్పదండి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫుకు వెళ్ళినవారిలో అత్యధికులు కూలి కోసం వెళ్ళినవారే. అయితే పది పన్నెండేండ్లు కష్టించి, కొంత సొమ్ము కూడబెట్టి, దుబాయిలో ఒక దుకాణమో చిన్న కాంట్రాక్టు పనో ప్రారంభింపదలచువారూ లేకపోలేదు. లైసెన్సు ఏ రూపంలో తీసుకోవాలన్నది వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న. బ్యాంకులో అప్పు పుట్టుట ఎట్లా అన్నది ఆలస్యంగా తోస్తుంది. నిజానికి ఈ రెండూ ఒకే ప్రశ్న.

పూర్వపు పరిస్థితి వేరు. 1984 నాటి చట్టం ప్రకారం, స్వేచ్ఛా మండలాల వెలుపల, కంపెనీలో కనీసం 51 శాతం వాటా ఆ దేశ పౌరునిదై ఉండాలి. పెట్టుబడి మనవానిదైనా కాగితం మీద పెద్ద వాటాదారు మరొకరు. బ్యాంకు చూసేది కాగితాన్నే గదా! 2021 జూన్ 1 నుండి అనేక వ్యాపారాలలో విదేశీయునికి నూరు శాతం యాజమాన్యం లభించింది.

ఏకవ్యక్తి సంస్థ స్థాపించుట సులభం. కాని చట్టం దృష్టిలో యజమాని, దుకాణం ఒక్కటే. దుకాణం అప్పుకు అతని సమస్త ఆస్తి బాధ్యత వహిస్తుంది. పరిమిత బాధ్యతగల కంపెనీ అట్లా కాదు. అది వేరొక చట్టబద్ధ వ్యక్తి. దానికి సొంత బ్యాంకు ఖాతా, ఆడిటరు పరీక్షించిన లెక్కలు ఉంటాయి. ఒక్కడే వాటాదారుగానూ దానిని స్థాపించవచ్చును. ఋణమిచ్చే అధికారి అడిగేది ఆ లెక్కలను, ఖాతాలో జరిగిన రాకపోకలను. వడ్డీకి బదులు సరుకు కొని లాభంపై వాయిదాలకు అమ్మే మురాబహా పద్ధతిని అనుసరించే బ్యాంకులు సైతం, 1975లో స్థాపితమైన దుబాయి ఇస్లామిక్ బ్యాంకు వంటివి, వ్యాపారపు స్థితిని పరిశీలింపక సొమ్ము ఇవ్వవు. కావున ఋణం కోరువానికి కంపెనీ రూపమే మేలని నా అభిప్రాయం.

అయితే ఇక్కడొక మెలిక ఉన్నది. చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు సాధారణంగా యజమాని సొంత పూచీకత్తు, మన వాడుకలో జమానతు, అడుగుతాయి. ఆ సంతకంతో పరిమిత బాధ్యత అన్న మాట ఆ అప్పు మేరకు చెల్లదు. వాటా అమ్ముకొని బయటికి వచ్చినా, బ్యాంకు లిఖితపూర్వకంగా విడుదల చేయనంతవరకు జమానతు వెంటనే ఉంటుంది.

స్వదేశానికి తిరిగివస్తే అప్పు అక్కడే ఉండిపోతుందని భావించేవారు అనేకులు. 2020 జనవరి 17న భారత ప్రభుత్వం వెలువరించిన ప్రకటనతో, అరబ్ ఎమిరేట్ల సివిలు కోర్టులు సొమ్ము విషయమై ఇచ్చిన డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో అమలుకు దాఖలు చేయవచ్చును. దుబాయిలో పెట్టిన సంతకం కరీంనగరు కోర్టు దాకా రాగలదు.