లెక్కలలో మండే పొయ్యి

పిల్లలూ! కట్టెల పొయ్యి రాజేయటం మీరెప్పుడైనా చూశారా? మొదట పొగ కమ్ముకుంటుంది. మంట బాగా అందుకున్నాక పొగ తగ్గిపోతుంది. ఈ చిన్న సంగతి గురించి శాస్త్రజ్ఞులు పెద్ద పరిశోధనే చేస్తున్నారు.

ఐరోపాలోని ఆస్ట్రియా దేశంలో చలికాలం మంచు కురుస్తుంది. అక్కడి ఇళ్ళలో బాయిలరు ఉంటుంది. మనం స్నానానికి నీళ్ళు కాచుకునే బాయిలరు వంటిదే అనుకోండి. అయితే అందులో కాగిన నీరు గొట్టాలగుండా గదులన్నిటికీ పోయి, ఇంటిని వెచ్చగా ఉంచుతుంది. రంపపుపొట్టును గట్టిగా అదిమి చేసిన గుళికలను చాలా ఇళ్ళలో ఇంధనంగా వాడతారు. నరికినచోట చెట్లు మళ్ళీ పెంచుతూ ఉంటే ఈ ఇంధనం తరిగిపోదు. కాని బాయిలరు మాటిమాటికీ ఆరి వెలుగుతూ ఉంటే పొగా, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువూ ఎక్కువవుతాయి.

అది రోజుకు ఎన్నిసార్లు వెలుగుతుందో ముందుగా తెలుసుకోవటం ఎలా? లెక్క వేసి! మనమూ వేద్దాం.

ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కటానికి ఒక కిలోక్యాలరీ వేడి కావాలి. బాయిలరు గంటకు 9,000 కిలోక్యాలరీలు ఇస్తున్నదనుకోండి. ఇంటికి గంటకు 1,500 చాలు. మిగిలిన 7,500 తొట్టిలోని నీటికి చేరుతుంది. నీరు 70 డిగ్రీలు కాగానే బాయిలరు ఆరాలి. 40కి దిగగానే వెలగాలి.

50 లీటర్ల తొట్టిలో దాచగల వేడి 50 × 30 = 1,500. అది 12 నిమిషాలలో చేరుతుంది, గంటలో ఖర్చయిపోతుంది. అంటే 72 నిమిషాలకు ఒకసారి చొప్పున రోజుకు 20 సార్లు వెలగాలి! అదే 500 లీటర్ల తొట్టి అయితే 2 గంటలు మండి, 10 గంటలు ఊరుకుంటుంది. రోజుకు 2 సార్లే!

ఇటువంటి లెక్కలను కంప్యూటరు చేత వేయించటాన్నే సిమ్యులేషన్ అంటారు. ఇందుకోసం అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1975లో ట్రాన్‌సిస్ అనే ప్రోగ్రామును అందించింది. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరపు శాస్త్రజ్ఞులు దానితోనే, గుళికల బాయిలరూ సూర్యరశ్మీ కలిసి ఇంటిని ఎలా వెచ్చబరుస్తాయో లెక్కకట్టారు. బయటి చలి, కప్పుమీది ఎండ, తొట్టి గోడలగుండా పోయే వేడి – అన్నీ లెక్కలోకి వస్తాయి. ఏడాదిలోని 8,760 గంటలూ కొద్దిసేపట్లో గడిచిపోతాయి!

అయితే ఒక్క జాగ్రత్త. నిజమైన బాయిలరును మండించి, కొలిచి, లెక్కతో సరిచూడాలి. రెండూ కలిస్తేనే ఆ లెక్కను నమ్మవచ్చు.

ఇక మీ వంతు. తొట్టి 250 లీటర్లదైతే బాయిలరు రోజుకు ఎన్నిసార్లు వెలుగుతుంది? పలక తీసుకోండి మరి!