చలం జీవితాన్ని తెరకెక్కిస్తే

నవలాకారుడి జీవితాన్ని సినిమాగా తీసేవాళ్లు చాలాసార్లు పుట్టుక నుంచి చావు దాకా చెప్పరు. నడివయసు దాటాక, అప్పులో తాగుడో మనిషిని నలిపేస్తున్న రోజుల్లో ఎదురైన ఒక ప్రేమను తీసుకుని, మిగతా జీవితాన్నంతా దాని వెలుగులో చూపిస్తారు. 1959లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘బిలవెడ్ ఇన్‌ఫిడెల్’ అలాంటిదే. స్కాట్ ఫిట్జెరాల్డ్ చివరి ఏళ్లు, పత్రికా రచయిత్రి షీలా గ్రాహమ్‌తో ఆయన సాన్నిహిత్యం దాని కథ. సోవియట్ చిత్రం ‘దోస్తొయేవ్‌స్కీ జీవితంలో ఇరవై ఆరు రోజులు’ ఇంకా బిగువైనది. 1866 నవంబరు 1లోగా కొత్త నవల ఇవ్వకపోతే దోస్తొయేవ్‌స్కీ రచనల హక్కులు తొమ్మిదేళ్లపాటు ప్రచురణకర్త పాలవుతాయి. గడువు ముంచుకొచ్చాక ఆయన ఇరవై ఏళ్ల అన్నా అనే స్టెనోగ్రాఫర్‌ను పెట్టుకుని ‘జూదరి’ నవలను నోటితో చెప్పి రాయించాడు. మరుసటి ఫిబ్రవరిలో ఆమెనే పెళ్లాడాడు. అప్పటికి ఆయన వయసు 45. ఆ పాత్ర వేసిన అనతోలీ సొలొనీత్సిన్‌కు 1981 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

తెలుగులో ఇలాంటి సినిమాకు సరిపడే జీవితం ఎవరిదంటే ముందు తోచే పేరు గుడిపాటి వెంకటచలం. ఆయన 1894 మే 18న మద్రాసులో పుట్టాడు. కొమ్మూరి ఇంట పుట్టి, తాతగారికి దత్తుడై గుడిపాటి వాడయ్యాడు. పెరిగింది తెనాలిలో. ఉద్యోగం కోస్తా ఊళ్లు తిప్పింది. 1950కి ముందు చాలా ఏళ్లు బెజవాడలో కాపురం. కాకినాడ కాలేజీ రోజుల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు మళ్లి జంధ్యం తీసేశాడు. మద్రాసులో బి.ఏ. చదివేటప్పుడు భార్య రంగనాయకమ్మను కాన్వెంటులో చేర్పించి, సైకిలు మీద తనే దింపి వచ్చేవాడు. పెళ్లయిన ఆడపిల్ల బడికి వెళ్లడమే వింతగా చూసే కాలమది. దర్శకుడికి ఆ సైకిలు ఒక్కటి చాలు, పది పేజీల సంభాషణ మిగులుతుంది.

‘మైదానం’ 1927లో వచ్చింది. ప్లీడరు భార్య రాజేశ్వరి ఇల్లు వదిలి అమీర్ వెంట వెళ్లిపోవడం ఆ నవల కథ. పుస్తకాన్ని తిట్టినవాళ్లు మనిషినీ వదల్లేదు. చలానికి ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడారు, బంధువులు గడప తొక్కలేదు. మరోవైపు ఆయన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. ఊరు వెలివేసిన మనిషే ఊళ్లో బళ్ల తనిఖీకి రావడంలోని వింత ఏ రచయితా కల్పించలేనిది. ఆ రోజుల గురించి ‘చలం’ అనే ఆత్మకథలో ఆయన దాచుకోకుండా రాసుకున్నాడు. తన ప్రేమల గురించి కూడా అంతే.

సినిమాతో చలానికి పొత్తు ఆయన బతికుండగానే కుదిరింది. 1938లో విడుదలైన ‘మాలపిల్ల’కు కథ ఆయనదే. ఈ చిత్రం వెనక కృష్ణా జిల్లా చెయ్యి పెద్దది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం ఆ జిల్లావాడే. డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్, సారథి ఫిలిమ్స్ పేరు మీద. మాటలు తాపీ ధర్మారావు రాశారు. దళిత యువతిగా కాంచనమాల, ఛాందస పండితుడిగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. హరిజనుల ఆలయ ప్రవేశం చుట్టూ గొడవలు ముదిరిన కాలంలో, బ్రాహ్మణ యువకుడు దళిత యువతిని ప్రేమించే కథను జమీందారీ డబ్బుతో తీయడం సాహసమే. సినిమా ఆడింది కూడా. అయితే తెర మీద సంఘసంస్కరణ ముందుకొచ్చింది, చలం మార్కు ప్రేమ వెనక్కి తగ్గింది.

ఆ ప్రేమను రేడియో బాగా పట్టుకుంది. ఆకాశవాణి ప్రసారం చేసిన ‘పురూరవ’ నాటకంలో శారదా శ్రీనివాసన్ ఊర్వశిగా పలికిన మాటలు విన్నవాళ్లు ఈనాటికీ తలుచుకుంటారు. ఆకాశవాణిలోనే పనిచేసిన కవి ఇంద్రగంటి శ్రీకాంతశర్మ కుమారుడు మోహనకృష్ణ చలం కథ ‘దోషగుణం’ తీసుకుని ‘గ్రహణం’ తీశాడు. తనికెళ్ల భరణి, జయలలిత నటించిన ఆ చిత్రం 2004 సంవత్సరానికి ఉత్తమ తొలిచిత్ర దర్శకుడి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. అనుమానం ఒక ఇల్లాలి బతుకును ఎలా కాల్చేస్తుందో చూపిన ‘గ్రహణం’, చలం రాతకు ‘మాలపిల్ల’ కంటే దగ్గరగా ఉంటుంది.

ఇవన్నీ చలం రాసిన కథలు. చలమే కథ కావడం దగ్గరే చిక్కు. తెలుగు తెరకు జీవితచిత్రాలు కొత్తకాదు. కె.వి. రెడ్డి తీసిన ‘యోగి వేమన’ 1947లో, భరణీ వారి ‘విప్రనారాయణ’ 1954లో వచ్చాయి. రెండింటి అచ్చూ ఒకటే: వేశ్య మీది వ్యామోహం, పతనం, కనువిప్పు, విరక్తి. ప్రేమించడం పొరపాటని తేలాకే భగవంతుడు దొరుకుతాడు. నాగయ్య, అక్కినేని ఈ మలుపును గొప్పగా నటించారు, ప్రేక్షకులకు అది అలవాటైపోయింది.

పైపైన చూస్తే చలం జీవితమూ ఈ అచ్చులో ఒదిగేలా కనిపిస్తుంది. రచయిత చింతా దీక్షితులు ఆయన్ని రమణ మహర్షి దగ్గరికి చేర్చారు. 1950లో, యాభై అయిదు దాటాక, చలం బెజవాడ వదిలి ఇంటివాళ్లతో అరుణాచలం చేరాడు. ఎవరి కోసం వెళ్లాడో ఆ రమణులు అదే ఏడు ఏప్రిల్ 14న కన్నుమూశారు. చలం వెనక్కి రాలేదు. 1979 మే 4న పోయేదాకా ఇరవై తొమ్మిదేళ్లు అక్కడే గడిపాడు. ప్రియురాలికి రాసిన ఆవేశంతోనే దేవుడికి రాశాడని ‘ప్రేమలేఖలు’, ఆయన చేసిన ‘గీతాంజలి’ అనువాదం పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది. ఆయన మలివయసు ప్రేమ అరుణాచలమే అనడం అందుకే అతిశయోక్తి కాదు. వేమన చిత్రంలోలాగా దీన్ని పాత ప్రేమలకు ప్రాయశ్చిత్తంగా చూపిస్తే మాత్రం ‘మైదానం’ రాసిన మనిషి కనిపించకుండా పోతాడు. పెద్ద సంస్థలు ఈ కథకు డబ్బు పెట్టేటప్పుడు ముందు అడిగేది ఆ ప్రాయశ్చిత్తమే కావచ్చు.

2018 నాటి ‘మహానటి’ ఇంకో దారి చూపింది. సావిత్రి కోమాలో ఉండగా మధురవాణి అనే విలేకరి ఆమె గతాన్ని తవ్వుకుంటూ పోతుంది. ఒకే మనిషి గురించి పదిమంది పది రకాలుగా చెప్పే ఆ పద్ధతిలో, కథానాయికను మందలించకుండానే ఆమె తప్పులు చూపగలిగాడు నాగ్ అశ్విన్. చలానికి ఈ పద్ధతి మరింత అవసరం, ఎందుకంటే ఆయన గురించి మిక్కిలిగా మాట్లాడింది ఆయనే. సైకిలు మీద బడికి వెళ్లిన రంగనాయకమ్మ ఆత్మకథలో భర్త మాటల్లోనే కనిపిస్తుంది. భర్త ప్రేమలను, ఊరి వెలిని, ఆశ్రమ జీవితాన్ని ఆమె ఎలా చూసిందన్నది స్క్రీన్‌ప్లే రచయిత కొత్తగా రాసుకోవలసిన భాగం. ఆ పాత్రకు సరైన నటి దొరికితే సగం సినిమా ఆమెదే అవుతుంది.