పెద్దసారు ఎలా వస్తారు?

పిల్లాణ్ని బడిలో చేర్చేటప్పుడు ఫీజు ఎంతో కనుక్కుంటాం. బస్సు వస్తుందా అని అడుగుతాం. పదో తరగతి ఫలితాలు ఆరా తీస్తాం. హెడ్మాస్టరును ఎలా ఎంపిక చేశారని మాత్రం ఎవరమూ అడగం. నిజానికి టీచర్లు వేళకు రావాలన్నా, మధ్యాహ్న భోజనం సరిగా ఉండాలన్నా పట్టించుకోవాల్సింది ఆయనే!

మన తెలుగు రాష్ట్రాల సర్కారు ఉన్నత పాఠశాలల్లో ఆ కుర్చీకి దారి సీనియారిటీ. స్కూల్ అసిస్టెంటుగా ఏళ్లతరబడి పాఠాలు చెప్పి, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసై, జాబితాలో పేరు పైకి వచ్చేదాకా ఆగాలి. ఇందులో ఓ మంచి ఉంది... సిఫార్సులకు చోటు తక్కువ. చిక్కేమిటంటే, జాబితా సర్వీసును లెక్కపెడుతుంది కానీ సామర్థ్యాన్ని కాదు. పైగా వివాదం కోర్టుకెక్కితే పదోన్నతులు ఆగిపోతాయి. అన్నాళ్లూ ఇన్‌ఛార్జే దిక్కు. తన క్లాసులు చెప్పుకుంటూనే రిజిస్టర్లు, జీతాల బిల్లులు చూసుకోవాలి.

పరీక్ష పెడితే?

బీహార్ ఆ పనే చేసింది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022లో 6,421 హెడ్మాస్టరు పోస్టులకు పరీక్ష పెడితే సుమారు 13 వేల మంది రాశారు. గట్టెక్కింది 421 మందే! సరిగ్గా ఆరు వేల కుర్చీలు ఖాళీగా మిగిలాయి. 2024లో మళ్లీ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. అయినా, పెన్నుతో రాసే జవాబులు అలిగిన టీచరును ఎలా ఒప్పిస్తారో, బడి మానేసిన పిల్లను ఎలా వెనక్కి తెస్తారో చెప్పలేవు కదా.

ముందు తర్ఫీదు

సింగపూర్‌ది వేరే దారి. కాబోయే ప్రిన్సిపాళ్లను ముందే గుర్తించి ఆరు నెలలపాటు పూర్తికాలం శిక్షణ ఇస్తారు. ఈ కోర్సు 2001లో మొదలైంది. ఇంగ్లండ్ 1997లో హెడ్‌టీచర్ల కోసం ప్రత్యేక అర్హత కోర్సు తెచ్చింది. 2009లో తప్పనిసరి చేసి, 2012లో ఐచ్ఛికంగా మార్చేసింది. సర్టిఫికెట్టే సర్వస్వం కాదన్నమాట!

మన దేశంలోనూ ప్రయత్నాలు లేకపోలేదు. పాఠశాల నాయకత్వం కోసం ఢిల్లీలో 2012లో జాతీయ కేంద్రం ఏర్పడింది. ప్రధానోపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. అయితే ఇదంతా కుర్చీలో కూర్చున్నాక మాట. జాబితాలో పేరు దగ్గరపడగానే, ఓ మంచి హెడ్మాస్టరు పక్కన కొన్నాళ్లు పనిచేయిస్తే? సీనియారిటీకి భంగం రాదు. కొత్త పెద్దసారు మొదటిరోజే ఫైళ్ల మధ్య తికమకపడే అవస్థా తప్పుతుంది.