కాటా ముల్లు కదలని వారాలు

పోయిన సంవత్సరం శ్రమకాల దినాలలో, ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతుండగా మా సంఘంలోని ఒక సహోదరి కళ్ళు తిరిగి చాప మీదే ఒరిగిపోయింది. ముఖాన నీళ్ళు చల్లి, కొంగుతో విసిరి, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. "ఎప్పుడు తిన్నావమ్మా?" అని మా ఇంటావిడ అడిగితే, "మంగళవారం నుంచి మజ్జిగ మీదే ఉన్నానమ్మగారూ" అంది. ఆ మాట చెప్తూ మా వైపు చూడలేదు. ఎందుకు చూడలేదో మాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

ఈమెకు నలభై ఏళ్ళు. షుగరు, మోకాళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు గురకలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేవడం. బరువు 118 కిలోలు. అంతకు ముందు ఆగస్టులో పట్నంలోని ఒక ఆసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. బేరియాట్రిక్ ఆపరేషన్ అంటారు. దానికోసం అర ఎకరం మాగాణి తాకట్టులోకి పోయింది. అయిదు నెలల్లో 92 కిలోలకు దిగింది. అందరం సంతోషించాం. ఆ తర్వాత కాటా ముల్లు 92 దగ్గర ఆగిపోయింది. వారం కాదు, రెండు వారాలు కాదు, ఆరు వారాలు. "లక్షలు పోసి కడుపు కోయించుకున్నా ఇంతేనా" అని ఇంట్లో అత్తగారు మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్తుండగా గుమ్మం దగ్గర మేము కూడా నవ్వుతూ, "ఏమ్మా, తగ్గడం ఆగినట్టుంది, నోరు కట్టుకోవడం లేదా?" అన్నాం. మాకు అది పలకరింపు. ఆమెకు అది తీర్పు. ఆ రాత్రి నుంచే పూటలు మానడం మొదలుపెట్టిందట.

అన్న మాట దిద్దుకోవాలంటే ముందు విషయం తెలియాలి గదా. ఆమెతో, ఆమె భర్తతో కలిసి మేమూ మా ఇంటావిడా ఆ ఆసుపత్రికి వెళ్ళాం. మేము వైద్యులం కాము. అక్కడ విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం. ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు ఇప్పుడు పల్లె సంఘాలలోనూ కనబడుతున్నారు గనుక ఎవరికైనా అక్కరకు రావచ్చు.

ఆమెకు చేసినది స్లీవ్ ఆపరేషన్. జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. కొంచెం తింటేనే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే రసం ఎక్కువగా ఊరే భాగం కూడా పోతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలే తెలియదు. బైపాస్ అనే ఇంకొక రకంలో జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి, పేగును మలిచి దానికి కలుపుతారు. ఏ రకమైనా బరువు గీత గీసినట్టు సమానంగా దిగదు. మెట్లు మెట్లుగా దిగుతుంది. మూడో వారానికే ఒకసారి ఆగడం చాలామందిలో కనిపిస్తుంది. మొదటి రోజుల్లో పోయేదానిలో నీరు ఎక్కువ. శరీరం దాచుకున్న పిండిపదార్థం కరిగేటప్పుడు ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా వెళ్ళిపోతుంది. అది మళ్ళీ సర్దుకునేటప్పుడు లోపల కొవ్వు కరుగుతున్నా ముల్లు కదలదు.

అయిదారు నెలలకు వచ్చే ఆగుడు వేరు. మా సహోదరి 26 కిలోలు తగ్గింది. అంటే ఒక బియ్యం బస్తా. రాత్రింబగళ్ళు బస్తా మోసిన మనిషి దాన్ని దించేస్తే నడకకైనా, మెట్లెక్కడానికైనా తక్కువ కష్టం చాలు. తక్కువ కష్టానికి తక్కువ తిండి సరిపోతుంది. నిన్న బరువు తగ్గించిన భోజనమే ఇవాళ ఆ బరువును నిలబెట్టే భోజనమవుతుంది. దీనికి తోడు, తిండి కరువైనప్పుడు శరీరం తన ఖర్చు తానే తగ్గించుకుంటుంది. ఇల్లాలు పంట పోయిన ఏడు దీపం వత్తి తగ్గించినట్టు.

ఇది తెలిసిన కథ ఒకటి ఉంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద ఒక పరిశోధన చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పక ఇలాంటి సేవకు ముందుకు వచ్చినవారు వారు. చాలామంది బ్రెదరెన్, క్వేకర్, మెన్నొనైట్ సంఘాలవారు. (మెన్నొనైట్ అన్న పేరు పాలమూరు ప్రాంతపు పాఠకులకు కొత్త కాదు.) ఇరవైనాలుగు వారాలు అరకడుపు తిండి పెట్టారు. బరువులో సుమారు నాలుగో వంతు పోయింది. తగ్గడం మొదట జోరుగా సాగి, పోనుపోను మందగించింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం చేసే ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. గుండె నెమ్మదిగా కొట్టుకుంది, చలి పట్టుకుంది, మనసు ఎప్పుడూ తిండి చుట్టూనే తిరిగింది. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకొని చదువుకున్నారట! వారిలో ఎవరినైనా నోరు కట్టుకోలేదని అనగలమా?

కాబట్టి కాటా ఆగిందని ఇంకా మాడటం మందు కాదు. మా సహోదరి విషయంలో అది ప్రమాదమే అయ్యింది. ఇంకా షుగరు మాత్ర వేసుకుంటూ పస్తున్నందువల్ల రక్తంలో చక్కెర పడిపోయింది. డాక్టరుగారు మాత్ర మోతాదు మార్చి, "ఈ ఆపరేషన్ అయినవాళ్ళు మమ్మల్ని అడక్కుండా ఒక్క పూట కూడా ఉపవాసం ఉండకూడదు" అని మా ముఖం చూసి మరీ చెప్పారు. పస్తుకు వాంతులు తోడైతే బి-1 విటమిన్ అడుగంటి చూపు చెదరడం, నడక తూలడం, మతిమరుపు వస్తాయట. అలాంటప్పుడు సోమవారం చూద్దాంలే అనుకోకుండా వెంటనే తీసుకెళ్ళాలి.

ఆ తర్వాత డైటీషియనమ్మ మా సహోదరి చేత ఒక రోజంతా తిన్నదీ తాగినదీ చెప్పించింది. చిత్రమేమంటే ఆమె ఎక్కువ తినడం లేదు, తప్పుగా తింటోంది. కోడికూర ముక్క గొంతు దిగడం లేదని మానేసింది. గుడ్డు వాసన పడలేదు. ఇక మిగిలింది మెత్తగా జారిపోయేవి: టీలో ముంచిన బిస్కెట్లు, మరమరాలు, పల్చటి చారన్నం. చక్కెర టీలు రోజుకు నాలుగు. ఇవి చిన్న కడుపును నింపకుండానే జారిపోతాయి. మాంసకృత్తులు, అదే ప్రొటీన్లు, రోజుకు 60 గ్రాములైనా కావాలి. ఆమెకు ఇరవై కూడా అందడం లేదు. అవి చాలకపోతే కొవ్వుతో పాటు కండ కరిగిపోతుంది. కండ పోతే శరీరం ఖర్చు ఇంకా పడిపోతుంది. జుట్టు రాలుతోందని ఆమె ఏడ్చిన ఏడుపుకు కూడా కారణాలలో ఇదొకటి.

మార్పులు పెద్దవేమీ కావు. కంచంలో ముందు గుడ్డు, చేప, ముద్దపప్పు, పెరుగు. చివరికి చోటుంటే అన్నం. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో సుమారు ఇరవై గ్రాముల ప్రొటీన్లు ఉంటాయి. మాంసం దిగకపోతే మెత్తగా ఉడికించి, చిన్న చిన్న ముక్కలు బాగా నమిలి తినాలి. భోజనంతో పాటు నీళ్ళు తాగకుండా అరగంట ఆగాలి. టీ రెండుసార్లు, చక్కెర లేకుండా. (ఇది ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది, మాకూ అర్థమైంది, మేమూ ప్రయత్నించి ఓడిపోయాం.) విటమిన్ మాత్రలు జీవితాంతం. నడకతో పాటు కండకు పని: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్ళ సీసాలు ఎత్తి దించడం. థైరాయిడ్ పరీక్ష చేయించారు. కొన్ని మందులు కూడా బరువును ఆపుతాయి గనుక చీటీలన్నీ చూశారు. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి గాని, అవి ఎవరికి అవసరమో చెప్పాల్సింది డాక్టరే, మందుల షాపు కాదు.

రోజూ కాటా ఎక్కవద్దన్నారు. వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళకు చాలు. దర్జీ టేపుతో నడుము కొలవమన్నారు. కొలిస్తే, కాటా కదలని ఆ ఆరు వారాల్లోనే ఆమె జాకెట్టు రెండు కుట్లు లోపలికి వేయించుకున్న సంగతి బయటపడింది. అది ఆమెకే గుర్తు లేదు.

ఇంటివారి సంగతి కూడా చెప్పాలి. అత్తగారిని మేము మందలించలేదు, మాకే ఆ అర్హత లేదు. కలిసి కూర్చొని మా తప్పు చెప్పుకున్నాం. పొలం తాకట్టు పెట్టిన బాధ ఆ పెద్దావిడది, అది న్యాయమైనదే. అయితే కోడలు ఇప్పుడు సగం షుగరు మాత్రతో ఉన్నదనీ, రాత్రి గురక ఆగిందనీ ఆ కాటాలో కనబడదు గదా. తొమ్మిదో వారంలో ముల్లు 91కి కదిలింది.

ఇంకొక మాట దాచకూడదు. ఒక ఆగుడు చివరి ఆగుడు కూడా కావచ్చు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర వరకే సాధారణంగా తగ్గుదల. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం తగ్గి, కొంత తిరిగి పెరిగి, పదేళ్ళకు 25 శాతం దగ్గర నిలిచారు. ఆపరేషన్ చేయించుకోనివారికన్నా వారిలో మరణాలు తక్కువ. కొంత తిరిగి రావడం మామూలే. అయితే నెల నెలా పెరుగుతూ పోతున్నా, పూర్వంలా పెద్ద కంచం పట్టేస్తున్నా, తిన్నది పైకి తంతున్నా ఆసుపత్రికి తిరిగి వెళ్ళాలి. ముఖం చెల్లక చాలామంది వెళ్ళరట.

మా సహోదరి ఇప్పుడు 83 కిలోలు. రెండు నెలలుగా అక్కడే ఉంది. బహుశా ఇదే తన చోటు కావచ్చునని డాక్టరుగారు అన్నారు. ఆమె తల ఊపింది గాని, 75 అని అనుకున్నానయ్యగారూ అని బస్సులో మాతో అంది. మేము ఈసారి ఏమీ అనలేదు.

ఈ ఏడు శ్రమకాలపు శుక్రవారాల్లో ఆమె డబ్బాలో రెండు ఉడికించిన గుడ్లు తెచ్చుకుంది. పది గంటలకు లేచి మందిరం వెనక వేపచెట్టు కిందికి వెళ్ళేది. ఒంటరిగా తినడానికి సిగ్గుపడుతుందని మా ఇంటావిడ కూడా వెళ్ళి పక్కన కూర్చునేది. మూడో వారానికి అత్తగారు వచ్చి గుడ్లు ఒలిచి ఇస్తోంది.