యాసిడ్ ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

యాసిడ్ ఎంత గాఢంగా ఉంటే డబ్బాని అంత తొందరగా తినేస్తుందనీ, డబ్బా ఎంత దళసరిగా ఉంటే అంత క్షేమమనీ చాలామంది నమ్మకం. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్కటి చాలు, ఈ నమ్మకాన్ని తలకిందులు చేయడానికి. 98 శాతం గాఢత ఉన్న ఆమ్లం మామూలు ఉక్కు ట్యాంకర్లలోనే రోడ్ల మీద తిరుగుతుంది. ఉక్కుకి తగలగానే అక్కడ ఐరన్ సల్ఫేట్ పొర కడుతుంది, ఆ పొరే లోహానికి కాపు. అందులోనే నీళ్లు కలిపి పలచన చేస్తే పొర నిలవదు. ఉక్కు కరుగుతుంది, పైగా మండే స్వభావమున్న హైడ్రోజన్ పుడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దగ్గర ఉక్కు ఆటలు అసలే సాగవు, లోపల రబ్బరు పూత ఉండాల్సిందే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజునే తింటుంది. కాస్టిక్ సోడా ద్రావణం ఆమ్లమే కాదు, అయినా అల్యూమినియాన్ని కరిగిస్తుంది. సోడియం హైపోక్లోరైట్ కొంచెం కొంచెంగా విడిపోతూ వాయువును వదులుతుంది కాబట్టి, దాన్ని గాలి చొరనంత బిగుతు మూత వేసి ఉంచితే క్యాను ఉబ్బుతుంది. ఏ ద్రవాన్ని ఏ పదార్థంతో చేసిన డబ్బాలో పోస్తున్నాం? ప్యాకింగ్ నిబంధనలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. మందం ఆ తర్వాతి మాట.

నిబంధనలు సరుకును వర్గీకరించే తీరు చూసినా ఇదే కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి నమూనా నిబంధనల్లో తినివేసే పదార్థాలన్నీ 8వ తరగతి. వాటిని మూడు ప్యాకింగ్ గ్రూపులుగా విడదీసేది పేరుకున్న భయాన్ని బట్టి కాదు, చర్మాన్ని పూర్తి లోతుకి నాశనం చేయడానికి ఎంతసేపు తగలాలన్న లెక్కను బట్టి. 3 నిమిషాల లోపైతే మొదటి గ్రూపు, గంట లోపైతే రెండోది, 4 గంటల లోపైతే మూడోది. చర్మానికి ఏమీ చేయకపోయినా, 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కునో అల్యూమినియాన్నో ఏడాదికి 6.25 మిల్లీమీటర్లకు మించి తినే ద్రవం కూడా మూడో గ్రూపులోకే వస్తుంది. పాదరసం కూడా ఈ తరగతిదే అంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. అరచేతిని కాల్చదు కానీ, అల్యూమినియంతో కలిసిపోయి దాన్ని గుల్ల చేస్తుంది. విమానాల్లో చాలావాటి ఒళ్లు అల్యూమినియమే కదా!

'గట్టి ప్లాస్టిక్ క్యాను, ఏ యాసిడైనా పోయొచ్చు' అనేది మరో మాట. పరీక్షలో నెగ్గిన క్యాను మీద యుఎన్ గుర్తు పక్కనే ఒక సంకేతం అచ్చు వేసి ఉంటుంది. '3హెచ్1/వై1.9/150' అని ఉందనుకుందాం. 3 అంటే జెర్రీక్యాను, హెచ్ అంటే ప్లాస్టిక్, 1 అంటే పైభాగం ఊడిరాని రకం. వై అంటే రెండు, మూడు గ్రూపుల సరుకుకే పనికొస్తుంది, మొదటి గ్రూపుకి కుదరదు. దానికి ఎక్స్ గుర్తు కావాలి. 1.9 అనేది అది మోయగల ద్రవ సాంద్రత, 150 అనేది తట్టుకున్న నీటి పీడనం, కిలోపాస్కళ్లలో. ఇప్పుడు వై1.2 అని రాసి ఉన్న క్యాను తీసుకోండి. 1.18 సాంద్రత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి సరిపోతుంది. 1.84 ఉన్న గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే బరువు సగానికి పైగా పెరుగుతుంది. అంత బరువుతో ఆ క్యానుని ఎవరూ కింద పడేసి చూడలేదు. రెండో గ్రూపుకి 1.2 సాంద్రత వరకు 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడేస్తే చాలు, సాంద్రత 1.9 అయితే ఎత్తు కూడా 1.9 మీటర్లకు పెరుగుతుంది. ప్లాస్టిక్‌నైతే మైనస్ 18 డిగ్రీలకు చల్లబరిచి, పెళుసెక్కాక పడేస్తారు.

'సీసా పగలకుండా చుట్టూ ఏదో ఒకటి కూరితే సరి' అనే ధీమాకి చెల్లించిన మూల్యం మాత్రం పెద్దది. 1973 నవంబరు 3న న్యూయార్క్ నుంచి స్కాట్లాండ్ బయల్దేరిన పాన్ ఆమ్ సరుకు విమానం కాక్‌పిట్‌లో పొగ కమ్ముకుని, బోస్టన్ విమానాశ్రయంలో దిగబోతూ కూలింది. సిబ్బంది ముగ్గురూ చనిపోయారు. సరుకులో గాజు సీసాల్లో నైట్రిక్ ఆమ్లం ఉంది, చుట్టూ రంపపు పొట్టు కూరారు. పొగ మూలం కచ్చితంగా తేలలేదని చెబుతూనే, కారిన ఆమ్లానికీ పొట్టుకీ మధ్య జరిగిన రసాయన చర్యతోనే ప్రమాదం మొదలైందని అమెరికా రవాణా భద్రతా బోర్డు అభిప్రాయపడింది. నైట్రిక్ ఆమ్లం బలమైన ఆక్సీకరణి. దానికి చెక్కపొట్టు మెత్త కాదు, ఇంధనం. సీసాని దెబ్బ నుంచి కాపాడటం కోసం పెట్టిన వస్తువే, సీసా కారిన క్షణాన శత్రువైంది.

ఇక మినహాయింపులు. 'లీటరు లోపైతే ఏ నిబంధనా లేదు' అనే మాట సగం విని పట్టుకున్నది. పరిమిత పరిమాణం కింద రెండో గ్రూపు ద్రవానికి లోపలి సీసా లీటరు దాకా, మూడో గ్రూపుకి 5 లీటర్ల దాకా అనుమతి ఉంది, మొదటి గ్రూపుకి అసలే లేదు. పరీక్షించిన యుఎన్ ప్యాకింగ్ అక్కర్లేదు, కాగితాల భారం కొంత తగ్గుతుంది. కానీ లోపలి సీసా, బయటి పెట్టె రెండూ ఉండాలి, మొత్తం బరువు 30 కిలోలు దాటకూడదు, పైనా కిందా నలుపు ఉన్న వజ్రాకారపు గుర్తు వేయాలి. రెండో గ్రూపు ద్రవం గాజు సీసాలో ఉంటే దానికీ పెట్టెకీ మధ్య గట్టి తొడుగు ఇంకొకటి కావాలి. కారడాన్ని ఈ మినహాయింపు క్షమించదు, కారినప్పుడు జరిగే నష్టానికి హద్దు గీస్తుంది అంతే. బ్యాటరీలదీ ఇదే తర్కం. 55 డిగ్రీల దగ్గర పెట్టె పగిలినా ద్రవం కారని బ్యాటరీని, తీగ తగులుకొనే కొసలు కప్పి పంపితే నిబంధనల నుంచి పూర్తిగా వదిలేస్తారు. యాసిడ్ నీళ్లు పోసే బ్యాటరీకి ఆ వెసులుబాటు లేదు.

ఈ నిబంధనలకి వచ్చే అభ్యంతరం తెలిసిందే: పాత క్యాన్లలోనే ఏళ్ల తరబడి పోస్తున్నాం, ఏమీ కాలేదు, కొత్తవి కొంటే చిన్న వ్యాపారి గతేంటి? ఖర్చు మాట నిజమే, తీసిపారేయలేం. కానీ ఆమ్లం తగులుతూ ఉన్న ప్లాస్టిక్ లోపల్నుంచి పెళుసవుతుంది, కంటికి కనబడదు. అందుకే ప్రమాదకర సరుకుకి ప్లాస్టిక్ డ్రమ్ముల, క్యాన్ల ఆయుష్షు తయారైన నాటి నుంచి 5 ఏళ్లు. 55 శాతం దాటిన నైట్రిక్ ఆమ్లానికైతే 2 ఏళ్లే. 'ఇన్నాళ్లూ ఏమీ కాలేదు' అనే సాక్ష్యం పాత క్యాను విషయంలో పనికిరాదు. దాని వయసుతో పాటు ప్రమాదమూ పెరుగుతోంది.

మన దేశంలో రోడ్డు మీద ఇలాంటి సరుకుకి 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు వర్తిస్తాయి. సరుకు గురించి పూర్తి సమాచారం రవాణాదారుకి ఇవ్వాల్సిన బాధ్యత పంపేవారిదే. కాబట్టి పార్సిల్ ఆఫీసులో 'కెమికల్' అని రాసి ఊరుకోకండి. ద్రవం పేరు, దాని గాఢత, యుఎన్ నంబరు (ఐక్యరాజ్యసమితి ఆ సరుకుకి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) రాయించండి. క్యాను కారితే ముందుగా చెయ్యి పెట్టేది హమాలీయే.